నీలం అట్ట నోటుబుక్కు

మా పిల్లలు బడికి పోరు. ఇంట్లోనే నా దగ్గర చదువుకుంటారు. చిత్తూరులో ఈ మాట చెప్పగానే ఎదుటి మనిషి మొహంలో మొదట జాలి వస్తుంది, తర్వాత నోట్లోంచి సలహా వస్తుంది. మా పక్కింటి అక్క దగ్గర్నుంచి మాత్రం కషాయం వచ్చింది. ఆమెది నగరి వైపు మగ్గాల కుటుంబం, ఇంట్లోనే నూలు చీరలు అమ్ముతుంది. బడి మాన్పించిన మొదటి వారం, పది గంటలప్పుడు మా పిల్లలు వాకిట్లో కనిపించేసరికి జ్వరమనుకుని మిరియాల కషాయం కాచి తెచ్చింది. జ్వరం కాదక్కా, ఇకమీద చదువు ఇంట్లోనే అని చెప్పాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మరుసటి రోజు నుంచి కషాయం నాకూ కలిపి వచ్చేది.

అసలు ఇదంతా మా చిన్నోడి వల్ల మొదలైంది. అప్పుడు వాడికి ఏడేళ్లు. మాటలకు కొదవ లేదు. కోడి గుడ్డు పెట్టిందని మొదలుపెడితే ఆ కోడి మనవళ్ల పెళ్లిళ్లదాకా కథ చెబుతాడు. పుస్తకం ముందు పెడితే మాత్రం మూగనోము పడతాడు. అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తాయి, రెండు కలిపితే రావు. బడిని తప్పు పట్టను, ఆ టీచరమ్మ మంచి మనిషే, ఆమె ముందు పిల్లలు ఎక్కువ. వీడికి రోజూ ఎనిమిదిన్నరకు కడుపు నొప్పి వచ్చి, బడి బస్సు వెళ్లిపోయాక తొమ్మిదికల్లా తగ్గేది. నేను నాటకమనే అనుకున్నాను. ఒకరోజు బస్సు హారన్ వినగానే నా కాళ్ల మీదే వాంతి చేసుకున్నాడు. ఆ రోజే వాడి బ్యాగు అటక మీదికి విసిరేశాను. నాకు కోపం ఎక్కువ. నా జీవితంలో మంచి నిర్ణయాలు సగం కోపంలోనే తీసుకున్నాను, మిగతా సగం సంగతి ఇక్కడ చెప్పను.

మా పెద్దదానికి పదేళ్లు. దానికి బడిలో ఏ ఇబ్బందీ లేదు. అయినా "వాడికి సెలవు, నాకు బడా" అని మూడు రోజులు అన్నం మాని, బీరువా వెనక కూర్చుని బిస్కెట్లు తిని, నాలుగో రోజు తన బ్యాగు తానే అటకెక్కించింది.

మొదటి రోజు చిన్నోడు నా కొంగు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, మళ్లా ఎప్పుడు పంపిస్తావు బడికి?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "ముందు సదివేది నేర్చుకో. అది వచ్చినాక పోదువులే" అన్నాను. పాలు దించేసరికి ఆ మాట నా తలలోంచి పోయింది.

మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మిషన్లు చూస్తాడు. సీజన్ మొదలైతే ఇంటికి మనిషి రాడు, వాసన మాత్రం వస్తుంది. "నీకు సరే అంటే నాకూ సరే" అని ఆయన తప్పుకున్నాడు. తప్పుకోనిది మా అత్త. పూతలపట్టు దగ్గర పల్లెబడిలో ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. సంగతి తెలిసిన మరుసటి పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది. సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"ఏమ్మే, ఊరి బిడ్డలందరికీ నేను సదువు చెప్పినా. నా మనవడు బడి లేకుండా ఉండాల్నా?"

"బడి లేకపోతే ఏమత్తా, సదువు ఉండాది కదా. నేను చెప్తా."

"నీకేం వస్తాది చెప్పేదానికి?"

అంతే, నా నోరు నా చేతిలో లేదు. వచ్చే జూన్ లోపల వాడు తెలుగు గడగడా చదవకపోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బడిలో కూర్చోబెడతానన్నాను. ప్రార్థన చేసుకునే గదిలో నిలబడి అన్నావు, మాట తప్పకూడదు అంది మా అత్త. తప్పనన్నాను. ఈ ఒప్పందం మా ఇద్దరి మధ్యే ఉండాలని కూడా అనుకున్నాం. జూన్ అంటేనే వాడికి మళ్లీ కడుపు నొప్పి వస్తుందని నా భయం.

ఇంటి బడి ప్రార్థనతో మొదలవుతుంది, తర్వాత లెక్కలు. మా చిన్నోడు రెండు వారాల్లో ఒక సంగతి కనిపెట్టాడు. ఈ ఇంట్లో ఏ పనైనా అమ్మ మధ్యలో ఆపుతుంది, ప్రార్థన మాత్రం ఆపదు. ఇక వాడి ప్రార్థన చూడాలి. ఇంట్లోవాళ్లతో మొదలై, వీధి, చిత్తూరు జిల్లా, పక్క రాష్ట్రం, రాష్ట్రపతి, ఆ తర్వాత జంతువులు. ఆవులకు గడ్డి, కుక్కలకు ఎముకలు, ఏనుగులకు చెరుకు తోటలు. పాములకు కూడా అడిగాడు. ఒకరోజు ఓపిక పట్టలేక ఒక కన్ను తెరిచి గడియారం చూశాను. వాడూ ఒక కన్ను తెరిచి గడియారమే చూస్తున్నాడు. రెండు కళ్లూ కలుసుకున్నాయి. వాడు ఏమాత్రం తొణకకుండా కన్ను మూసి, "మా అమ్మ ప్రార్థనలో కండ్లు తెరస్తా ఉండాది, ఆమెను క్షమించు ప్రభువా" అన్నాడు. ఆ రోజు లెక్కలు జరగలేదు.

లెక్కలు ఎలాగో వచ్చేశాయి. దోసెను నాలుగు ముక్కలు చేస్తే, అందులో మూడు వాడు తింటే అక్కకు ఎంత మిగులుతుందో వాడికి బాగా తెలుసు. చదవడం మాత్రం రాలేదు. గుణింతాలు పలకమీద రాయించాను, ఇసుకలో రాయించాను, రాగి సంగటి మీద గరిటె కాడతో రాయించాను. పుస్తకం తెరవగానే నా వైపు అమాయకంగా చూసేవాడు. శుక్రవారం శుక్రవారం వాడి కోసం ఉపవాసం ఉండేదాన్ని. కొన్నిసార్లు వాడు నిద్రపోతుంటే తల నిమురుతూ, నా పంతం కోసం నీ బతుకుతో ఆడుకుంటున్నానా నాయనా అని ఏడ్చాను. అది నిజం భయం. అత్త ముందు ఓడిపోవడం కాదు. ఆ బస్సు హారన్ వాడి చెవిలో మళ్లీ పడడం.

మధ్యలో వింతలు జరక్కపోలేదు. బస్టాండులో నిలబడితే, బస్సు మలుపు తిరుగుతుండగానే "అది పుత్తూరు బస్సమ్మా" అనేవాడు. నీకెలా తెలుసురా అంటే, డ్రైవరు మీసం చూసి కనుక్కున్నానన్నాడు. నేను నమ్మాను. ఇంకోసారి నువ్వుండలు చేసి బియ్యం డబ్బాలో దాచి, సంగతి మా ఆయనకు చీటీ రాసి అద్దానికి అంటించాను. ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి డబ్బాలో బియ్యమే ఉన్నాయి. ఇంట్లో చీటీ చదవగలిగే పిల్ల ఒక్కతే కదా అని పెద్దదాన్ని కూర్చోబెట్టి అబద్ధం గురించి అరగంట పాఠం చెప్పాను. నేను తినలేదమ్మా అని అది ఏడ్చింది. ఆ ఏడుపుకు కూడా ఇంకో పావుగంట పాఠం చెప్పాను.

ఇక నోటుబుక్కు సంగతి. చేతిరాత కోసం పెద్దదానికి నీలం అట్ట నోటుబుక్కు ఒకటి ఇచ్చాను. రోజూ ప్రార్థన అయ్యాక ఇంట్లోవాళ్లు చెప్పిన ప్రార్థన అంశాలు అందులో రాయాలి. ఎవరు ఏ మాట అంటే ఆ మాటే రాయాలి, మార్చకూడదు, దేవుడికి తెలిసిందే కదా అని ఒక నియమం కూడా పెట్టాను. ఆ నియమం పెట్టినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. అది దాన్ని ఒట్టులా పట్టుకుంది. చపాతీలు వత్తుతూ నేను గొణిగినవి కూడా రాసేది. మొదట్లో ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దుతూ చదివి నవ్వుకునేదాన్ని. తర్వాత బద్ధకమై పేజీ కింద టిక్కు పెట్టి వదిలేశాను.

నేను చేసిన తప్పు వేరే ఉంది. మా చర్చి సంఘంలో ఆడవాళ్ల కూడిక వారానికి ఒక ఇంట్లో జరుగుతుంది. ఏప్రిల్‌లో ఒక కూడికలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, మా ఇంట్లో పిల్లలు రోజూ ప్రార్థన అంశాలు పుస్తకంలో రాస్తారని గొప్పగా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆమె కళ్లు తుడుచుకుని, మీ ఇంట్లో కూడిక పెట్టినప్పుడు ఆ పుస్తకం అందరికీ చూపించాలమ్మా అంది. ఒళ్లు పొంగిపోయి తప్పకుండా అన్నాను.

మా వంతు మే నెలాఖరులో వచ్చింది. మా అత్త కూడా గడువు దగ్గర పడిందని అప్పటికి మూడు రోజుల ముందే దిగింది. మా ఆయన సీజన్‌లో మునిగిపోయాడు. ఆ మధ్యాహ్నం హాల్లో చాపలు పరిస్తే ఇరవై మందిదాకా వచ్చారు. పక్కింటి అక్క కూడా మా మీద ప్రేమతో వచ్చి గడప దగ్గర కూర్చుంది. చిన్నోడిని ఎవరూ చదవమని అడగకుండా, బిస్కెట్ల ప్లేటు ఇచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టాను. పాటలయ్యాయి, వాక్యం అయ్యింది. అమ్మగారు ఆ పుస్తకం ఏదమ్మా అంది. పెద్దది తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఆమె దాన్ని అలాగే పట్టుకుని, ముందు ఎవరికైనా ప్రార్థన అంశాలు ఉంటే చెప్పండి అంది.

మా అత్త గొంతు సవరించుకుంది.

"మా మనవడికి ఇంకా సదివేది రాలేదమ్మగారూ. ఎనిమిదేండ్లు వచ్చినాయి. నా కోడలు పాపం చానా కష్టపడినాది, దాని తప్పేం లేదు. అందుకని ఈ జూన్‌లో బడికి పంపించేస్తా ఉండాం. వాడు ఏడవకుండా పొయ్యేట్టు ప్రార్థన చెయ్యండి."

ఆమె మంచి మనసుతోనే అంది. ఒప్పందం మా ఇద్దరి మధ్యే ఉండాలన్న సంగతి మాత్రం మర్చిపోయింది. గుమ్మం దగ్గర్నుంచి చిన్న గొంతు వినిపించింది.

"సదివేది రాకపోతేనా అవ్వా బడికి పంపించేది?"

"అవును నాయనా."

"వస్తే?"

"వస్తే ఏమిటికి పంపిస్తాం? మీ అమ్మ దగ్గరే ఉందువు."

వాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మోసపోయిన మనిషి చూపు. బిస్కెట్ల ప్లేటు పక్కింటి అక్క ఒళ్లో పెట్టి, చాపల మధ్యలోంచి నడిచి వచ్చి, అమ్మగారి ఒళ్లోంచి నోటుబుక్కు లాక్కున్నాడు. తెరిచాడు. వేలు పెట్టాడు.

"పాస్టరయ్యగారి మోకాలి నొప్పి తగ్గాల."

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. నా నోరు తెరుచుకునే ఉంది.

"అమ్మకు కోపం తగ్గాల. నాయన మీదికి గరిటె విసరకుండా ఉండాల. విసిరినా తగలకుండా ఉండాల."

ఈసారి ఆమేన్ కొంచెం ఆలస్యంగా వచ్చింది. వాడు పేజీ తిప్పాడు.

"అమ్మగారు వాక్యం చెప్పేటప్పుడు అమ్మకు నిద్ర రాకుండా ఉండాల. పక్కింటి అక్క కషాయం తెచ్చేది మానేయాల. కషాయం జామచెట్టుకు పోసేటప్పుడు అక్క సూడకుండా ఉండాల."

లేచి నిలబడ్డాను. చెయ్యి చాచాను. ఒక్క అడుగు వేసి పుస్తకం లాక్కుంటే నా పరువులో ఏదో కొంత మిగులుతుంది. అప్పుడే వాడి వేలు ఒక పెద్ద మాట దగ్గర ఆగింది.

"ఉ... ఉప... ఉపవా..."

గదిలో ఆడవాళ్లంతా ముందుకు వంగారు. ఎవరూ అందించలేదు. నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. రా నాయనా, దాటు, దాటు అని లోపల్లోపల అరుస్తున్నాను.

"ఉపవాసంలో. శుక్రవారం ఉపవాసంలో అమ్మ రెండు అరటిపండ్లు తిన్నాది. దేవుడు క్షమించాల."

నేను కూర్చుండిపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. ఇంతమందిలో నా గుట్టంతా బయట పడుతోంది, పడేస్తున్నది నా కొడుకు, చదివి మరీ పడేస్తున్నాడు. ఇంకా చదువురా అని నేనే అన్నాను.

మా అత్త మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్ల టీచరు ఊరికే నమ్ముతుందా. సండే స్కూల్ పిల్లలు కంఠతా పెట్టడంలో ఆరితేరినవాళ్లని ఆమెకు తెలుసు. వాడిని దగ్గరికి పిలిచి, పుస్తకం తీసుకుని, కళ్లు మూసుకుని ఎక్కడో మధ్యలో ఒక పేజీ తెరిచి, ఒక వరుస మీద వేలు పెట్టింది.

"ఇది సదువు."

వాడు వంగి చూశాడు. నాకు వరుస కనిపించలేదు కానీ, పక్కనే ఉన్న పెద్దది రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అవ్వ మా ఇంటికి రావాల. నాలుగు రోజులే ఉండాల. అయిదో రోజు ఉంటే అమ్మకు తలనొప్పి వస్తాది."

అమ్మగారు దగ్గడం మొదలుపెట్టింది. మా అత్త కళ్లద్దాలు సర్దుకుని ఆ వరుసను తను కూడా ఒకసారి చదువుకుంది. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. ఆ రోజు నాలుగో రోజు.

"ఇది కంఠతా పెట్టింది కాదులే" అంది చివరికి. "ఎప్పటి నుంచి వస్తాది రా నీకు?"

వాడు తల దించుకున్నాడు. "క్రిస్మస్‌కు చర్చి గోడ మీద వాక్యం రాసినారు కదా. అది వచ్చేసినాది. ఆడ నుంచి అన్నీ వచ్చినాయి."

క్రిస్మస్ నుంచి మేదాకా. దేవుడు ఎప్పుడో ఇచ్చేసిన దాన్ని అయిదు నెలలు ఆకలితో, రెండేసి అరటిపళ్లతో అడుగుతూ కూర్చున్నాను. మరి ఎందుకు చెప్పలేదురా అని మా అత్త అడిగింది. పెద్దది నోటుబుక్కు చివరి పేజీ తెరిచి ఆమె చేతికిచ్చింది. అక్కడ నేను ఎప్పుడూ టిక్కు పెట్టని పేజీ ఒకటి ఉంది, ఒకటి పైకి ఒకటి కిందికి పోయే పెద్ద పెద్ద అక్షరాలతో. మా అత్త పైకి చదివింది.

"దేవుడా, నాకు సదివేది వచ్చినట్టు అమ్మకు తెలవకూడదు. తెలిస్తే బడికి పంపిస్తాది. నువ్వుండలు నేనే తిన్నా. అక్కను తిట్టకూడదు. ఆమేన్."

పొంగుతున్న పాలు అప్పుడు గుర్తొచ్చాయి నాకు. సదివేది వచ్చినాక పోదువులే. వాడిని ఓదార్చడానికి అన్నానని నేను అనుకున్న మాట, వాడికి తీర్పు. ఆ మాట పట్టుకుని పుస్తకం తెరిచిన ప్రతిసారీ రాదు రాదు అని నటించాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు, అద్దం మీది చీటీ నుంచి బస్సు బోర్డులదాకా కనిపించిన ప్రతి అక్షరాన్నీ నోట్లోనే మింగేసుకుని.

వాడు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"వస్తే బడికని నువ్వు అంటివి. రాకపోతే బడికని అవ్వ అనె. ఏం చేసినా బడికేనా అమ్మా?"

వాడిని ఒళ్లోకి లాక్కున్నాను.

"లేదు నాయనా. తప్పు నాదే. నువ్వు అడిగిన రోజు పోదువు. అంతదాకా ఈడనే."

అని మా అత్త వైపు చూశాను. మా ఇంట్లో ఆ మాటకు ఆమె ఆమోదం లేకుండా బలం లేదని నాకు తెలుసు. ఆమె ఇంకా ఆ చివరి పేజీనే చూస్తోంది.

"దేవుడాకు దీర్ఘం సరిగ్గా పెట్టినాడు" అంది. "అక్కకు వత్తు పెట్టలేదు. నువ్వుండలకూ లేదు. సదివేది వచ్చినాది, రాసేది నేర్పాల. ఈడనే ఉండనీ లేమ్మే." పుస్తకం మూసి అడిగింది, "నేను రేపు పొద్దున బస్సుకు పోవాల్నా, ఉండాల్నా? అయిదో రోజు కదా."

"ఉండండత్తా" అన్నాను. ఆ పూట నిజంగానే మనసారా అన్నాను.

అమ్మగారు ముగింపు ప్రార్థన చేసింది. నా నిద్ర గురించి, నా కోపం గురించి, గరిటె గురించి కూడా వివరంగా చేసింది. కళ్లు మూసుకుని అన్నిటికీ ఆమేన్ అన్నాను. పక్కింటి అక్క వెళ్తూ వెళ్తూ మా జామచెట్టు దగ్గర ఆగి, ఆకులు పట్టుకుని చూసింది. చెట్టు ఈమధ్య బాగా ఏపుగా ఉండాది, ఎందుకో ఇప్పుడు తెలిసినాదిలే అంది. కషాయం మానలేదు, ఇప్పుడు నేరుగా చెట్టుకే పోసి పోతోంది. ఆ సాయంత్రం పెద్దదాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని క్షమించమని అడిగాను. క్షమించింది కానీ, నేను దానికి ముప్పావు గంట పాఠం చెప్పాను కాబట్టి తను కూడా నాకు అంతసేపు చెప్పాలంది. చెప్పింది. చేతులు కట్టుకుని విన్నాను.

మా అత్త రెండు వారాలు ఉంది. వత్తులన్నీ నేర్పింది. నాకు తలనొప్పి రాలేదని చెప్పలేను, వచ్చింది, రెండుసార్లు. వెళ్లే రోజు నేనూ పిల్లలూ బస్టాండుకు వెళ్లాం. నలభై ఏళ్లుగా ఆ దారిలో తిరిగిన మనిషి, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో డ్రైవర్లకంటే బాగా తెలిసిన మనిషి, బస్సు వచ్చి ముందర ఆగినా ఎక్కకుండా నిలబడింది. వంగి చిన్నోడి చెవి దగ్గర అడిగింది.

"నా కండ్లద్దాలు సంచిలో అడుగున ఉండాయి నాయనా. బోర్డు కనపడ్లేదు. ఇది పూతలపట్టు మీద పోతాదేమో సూసి చెప్పు."

వాడు డ్రైవరు మీసం వైపు చూడలేదు. బస్సు ముందుకు వెళ్లి, తల ఎత్తి, బస్టాండంతా వినిపించేట్టు బోర్డు మీద ఉన్న ఊళ్లన్నీ ఒక్కటీ వదలకుండా చదివాడు. ఆమె చివరిదాకా విని, వాడి తల మీద చెయ్యి పెట్టి, అప్పుడు బస్సెక్కింది. కళ్లద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి.